యోర్దాను నీటికి చలి ఉందా?
బాప్తిస్మ చిత్రాలలో ప్రతీక, కూర్పు

తోటపల్లి గూడూరు నెల్లూరికి తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. వరి చేలు, రొయ్యల గుంటలు, ఇంకా తూర్పుకు పోతే బకింగ్‌హాం కాలువ, దాని అవతల ఇసుక, సముద్రం. ఆ వైపు ఒక పాలెంలోని చిన్న ప్రార్థన మందిరంలో గోడకు ఒక క్యాలెండరు బొమ్మ చూశాను. యోర్దాను నదిలో ఏసు బాప్తిస్మం పొందుతున్నాడు. నీలం నీళ్ళు, తెల్లని వస్త్రం, మబ్బులు చీల్చుకొని వచ్చే పసుపు పచ్చ కిరణాలు, వాటి మధ్య పావురం. ఉండవలసినవన్నీ ఉన్నాయి. నేను విశ్వాసిని కాను. అయినా బొమ్మలు చూసే అలవాటు కొద్దీ నిలబడి చూస్తున్నాను.

మందిరం ఊడుస్తున్న ఒక అవ్వ చీపురు ఆపి నా పక్కన నిలబడింది. కాసేపు చూసి అడిగింది:

"ఏసయ్యకు చలెయ్యలేదా నాయనా?"

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. "నన్ను కాలవలో ముంచింది పుష్యమాసంలో. పండ్లు టకటకా కొట్టుకున్నాయి. అయ్యగారేమో చదువుతానే ఉండాడు. మా అక్క పొడిచీర పట్టుకోని గట్టున నిలబడుండె. అదొక్కటే కనపడింది నాకు."

బాప్తిస్మ చిత్రాల గురించి కళావిమర్శకులు రాసిన పుస్తకాలు కొన్ని చదివాను. వాటిలో చాలావాటి కంటే ఈ ప్రశ్న సూటిగా ఉన్నది. ప్రతీక ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ చచ్చిపోతుంది అన్న విషయం ఇందులో ఉన్నది. అది చిత్రకారులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. కథ, కవిత్వం రాసే మనకు కూడా సంబంధించినదే. అందుకే ఈ వ్యాసం.

1

ముందు ప్రతీకల సంగతి. బాప్తిస్మ చిత్రంలో చిత్రకారుడికి సువార్తల నుంచీ, సంప్రదాయం నుంచీ అందిన సామగ్రి ఇది. నీరు: కడిగేది, ముంచేది, అంటే పాత జీవితానికి మరణం, కొత్త జీవితానికి పుట్టుక. పావురం: పరిశుద్ధాత్మ. పైనుంచి దిగే చెయ్యి: తండ్రి అయిన దేవుడు. ఒంటె రోమాల వస్త్రం: అరణ్యంలో బతికిన యోహాను. తూర్పు సంఘాల చిత్రాలలో కొన్నిటిలో ఒక చెట్టూ, దాని మొదట్లో ఒక గొడ్డలీ కూడా ఉంటాయి. ఫలించని చెట్టు వేరున గొడ్డలి ఉన్నదని యోహాను చేసిన హెచ్చరికకు అది గుర్తు. గట్టు మీద దేవదూతలు. వారి చేతుల్లో బట్టలు.

ఈ చివరిదాన్ని పాఠకులు కొంచెం ఆగి గమనించాలి. దేవదూతల చేతుల్లో బట్టలెందుకు? పవిత్రమైనదాన్ని వట్టి చేతులతో తాకకూడదన్న రాజాస్థానాల మర్యాద అందులో ఉన్నదని పండితులు చెబుతారు. నిజమే కావచ్చు. కాని నీళ్ళలో నుంచి వచ్చే మనిషికి ఒళ్ళు తుడుచుకోవటానికి బట్ట కావాలి. విడిచిన బట్టలు ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఫ్లారెన్సులోని ఉఫీజీ చిత్రశాలలో వెరోకియో, ఆయన శిష్యుడు లియొనార్డో డావించి కలిసి 1470ల్లో వేసిన బాప్తిస్మ చిత్రం ఉన్నది. ఎడమ మూల మోకాళ్ళపై ఉన్న దేవదూతను లియొనార్డో వేశాడు. ఆ దేవదూత చేస్తున్న పని ఏసు బట్టలు పట్టుకొని ఉండటం. రెక్కలు తీసేస్తే ఆ స్థానంలో ఉన్నది కాలువ గట్టున పొడిచీరతో నిలబడిన అవ్వ వాళ్ళ అక్కే.

ఇంకొక పాత ప్రతీక గురించి కూడా చెప్పాలి. ఇటలీలోని రవెన్నా పట్టణంలో సుమారు 500 నాటి ఒక బాప్తిస్మ మందిరం ఉన్నది. దాని కప్పు లోపలి మొజాయిక్‌లో ఏసుకు ఒక పక్క యోహాను, రెండో పక్క ఒక ముసలివాడు. తలమీద పీత డెక్కలు మొలిచిన ఆ ముసలివాడే యోర్దాను నది. క్రైస్తవానికి ముందు అక్కడి ప్రజలు నదులను దేవతలుగా కొలిచేవారు. కొత్త మతం వచ్చినా నది దేవత ఒక్కరోజులో పోలేదు, కొత్త బొమ్మలో ఓ మూల కూర్చున్నాడు. మన పాత ఆలయాల ద్వారబంధాల దగ్గర గంగా యమునలు స్త్రీమూర్తులై నిలబడిన సంగతి మనకు తెలిసినదే. తరువాతి శతాబ్దాల చిత్రాలలో యోర్దాను ముసలివాడు చిన్నవాడవుతూ, ఏసు కాళ్ళ కింద చేపంత అయి, చివరికి మాయమయ్యాడు. ప్రతీకలకు కూడా చరిత్ర ఉంటుంది. అవి ఆకాశం నుంచి ఊడిపడవు. ఒక కాలపు ప్రజల అనుభవంలో పుట్టి, ఆ అనుభవం మారినప్పుడు మారతాయి, లేదా గోడమీద బొమ్మగా మిగులుతాయి.

2

ఇక కూర్పు. దీనికి నేను ఎన్నుకున్న చిత్రం పియెరో దెల్లా ఫ్రాన్సెస్కా వేసిన 'క్రీస్తు బాప్తిస్మం'. గుడ్డుసొనలో కలిపిన రంగులతో పోప్లార్ చెక్కమీద వేసిన బొమ్మ. ఎత్తు 167 సెంటీమీటర్లు, వెడల్పు 116. ఇటలీలోని తన సొంత ఊరు బోర్గో సాన్ సెపోల్క్రోలోని చర్చి కోసం పియెరో దీన్ని వేశాడు. కాలం 1440 ప్రాంతమని కొందరు, ఇంకా పదేళ్ళు తరువాత అని మరికొందరు అంటారు. 1861లో లండన్ నేషనల్ గ్యాలరీ దీన్ని కొన్నది. నేను చూసింది అచ్చులో మాత్రమే.

చెక్క పైభాగం అర్ధచంద్రంగా, కిందిభాగం దీర్ఘచతురస్రంగా ఉంటుంది. సరిగ్గా మధ్య నిలువు గీత మీద పైనుంచి కిందికి పావురం, యోహాను చేతిలోని గిన్నె, ఏసు ముఖం, జోడించిన చేతులు, పాదాలు. పావురం రెక్కలు చాచిన తీరూ, వెనుక మబ్బులు సాగిన తీరూ ఒకటే. కాబట్టి అది అద్భుతంగా కాక, మబ్బుల్లో ఒక మబ్బుగా ముందు కనబడి, తరువాత పక్షి అవుతుంది. ఎడమవైపు ఒక చెట్టు. దాని బోదె ఏసు దేహం లాగే పాలిపోయిన తెలుపు, అంతే నిటారు. చెట్టుకు ఎడమగా ముగ్గురు దేవదూతలు, కుడివైపు యోహాను. కొండల మధ్య దూరంగా కనిపించేది యెరూషలేము కాదు, పియెరో సొంత ఊరేనని ఎక్కువమంది అభిప్రాయం. యోర్దానును తన ఊరి ఏటికి తెచ్చుకున్నాడు.

పియెరో చిత్రకారుడే కాదు, గణితం మీదా పర్‌స్పెక్టివ్ మీదా గ్రంథాలు రాసినవాడు. ఈ బొమ్మలోని నిశ్చలత్వానికి ఆ లెక్కే ఆధారం. ఏదీ కదలదు. గిన్నెలోంచి నీరు పడబోయే క్షణంలో లోకమంతా ఊపిరి బిగపట్టినట్టుంటుంది. ఏసు పాదాల దగ్గర నీరు తేటగా ఉండి అడుగు కనిపిస్తుంది. కొంచెం వెనక అదే నీరు అద్దమై ఆకాశాన్నీ, గట్టుమీది మనుషుల బట్టల రంగులనూ చూపుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ముంచకుండా గిన్నెతో పోయటమెందుకు? ఆ కాలానికి పశ్చిమ సంఘాలలో నీరు పోసే పద్ధతి బలపడింది, అది ఒక కారణం. కూర్పుకు సంబంధించిన కారణం ఇంకొకటి ఉన్నదని నా అభిప్రాయం. మనిషిని నీళ్ళలో ముంచిన క్షణంలో ముఖం కనిపించదు. నిలువు గీత అడ్డంగా పడిపోతుంది. బాప్తిస్మానికి అసలు అర్థమైన మరణం, సమాధి ఆ క్షణంలోనే ఉన్నాయి. కాని దేవుని ముఖాన్ని నీళ్ళ కింద దాచి బొమ్మ వెయ్యమని ఏ చర్చీ అడగదు. అందుచేత చిత్రకారులు ముంచటానికి ముందో తరువాతో ఉన్న క్షణాన్ని, లేదా గిన్నెతో పోసే క్షణాన్ని ఎన్నుకున్నారు. కూర్పు అంటే బొమ్మలను చోటుల్లో సర్దటం మాత్రమే కాదు, దేనిని చూపించకూడదో నిర్ణయించటం కూడా.

ఇంత పవిత్రమైన నిశ్శబ్దంలో పియెరో ఒక పని చేశాడు. యోహాను వెనక, కుడివైపు, ఏటి మలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టాడు. అతను చొక్కా తల మీదుగా లాగుతున్నాడు. ముఖం చొక్కాలో ఇరుక్కుపోయింది. వీపు వంగింది. అతనికి పేరు లేదు, ముఖం లేదు. అతను వరసలో తరువాతివాడు. అంతే.

చిత్రంలో అందరూ నిటారుగా ఉంటే ఇతనొక్కడే వంగాడు. అందరూ నిశ్చలంగా ఉంటే ఇతనొక్కడే పనిలో ఉన్నాడు. అతని వెనక ఏటి గట్టున పొడుగు టోపీల తూర్పుదేశపు పెద్దలు నిలబడి మాట్లాడుకుంటున్నారు. వాళ్ళను గురించి పండితులు చాలా రాశారు. 1439లో ఫ్లారెన్సులో తూర్పు పశ్చిమ సంఘాలను కలపటానికి జరిగిన ఒప్పందానికి వాళ్ళు సూచన అన్నవారున్నారు. చొక్కా విప్పుకునే మనిషి మీద అంత సిరా ఖర్చు కాలేదు. కాని అతను లేకపోతే బొమ్మలో జరిగేది ఒక్క దేవుడికి ఒక్కసారి జరిగిన ఘటన. అతను ఉండటం వల్ల ఇది రేపు కూడా జరిగేది, మనుషులకు జరిగేది అయింది. గణితమంతా చేసి కట్టిన నిలువు గీతకు ఊపిరి పోసింది ఆ వంగిన వీపే.

3

అవ్వ అడిగిన చలి ప్రశ్నకు జవాబు మరో చిత్రంలో ఉన్నది. పియెరో కంటే కొంచెం ముందు, 1425-27 ప్రాంతంలో, ఫ్లారెన్సులోని ఒక చర్చిలో బ్రాంకాచి అనే పట్టు వర్తకుడి కుటుంబ ప్రార్థనశాల గోడలకు మసాచ్చో కుడ్యచిత్రాలు వేశాడు. వాటిలో ఒకటి పేతురు కొత్త విశ్వాసులకు బాప్తిస్మమివ్వటం. ఒకతను ఏటిలో మోకాళ్ళ మీద ఉన్నాడు, తలమీద నీళ్ళు పడుతున్నాయి. అతని వెనక తన వంతు కోసం ఇంకొకతను మొలగుడ్డతో నిలబడి, రెండు చేతులూ ఒంటికి చుట్టుకొని వణుకుతున్నాడు.

వణుకుతున్నాడు! ఇరవై ఏడేళ్ళయినా నిండీ నిండకుండా చనిపోయిన ఆ కుర్రవాడు చిత్రకళకు ఇచ్చినది ఈ వణుకు. 1550లో చిత్రకారుల చరిత్రలు రాసిన వసారి కూడా ఈ వణికే మనిషిని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. డబ్బిచ్చింది వర్తకుడు, కథ చర్చిది, నాయకుడు పేతురు. అయినా ఇప్పటికీ చూసేవాడి కన్ను వెళ్ళి ఆగేది వణికే మనిషి మీదనే. ఎందుకంటే ఇక్కడ నీరు ముందు నీరు. అది చల్లగా ఉన్నది. ఆ చల్లటి నీటిలోకి దిగటానికి ఒక మనిషి సిద్ధపడ్డాడు గనుక అతని నిర్ణయానికి బరువు వచ్చింది, ఆ బరువు వచ్చాక నీరు ప్రతీక అయింది. వణుకు తీసెయ్యండి. నీరు వట్టి నీలం రంగు అవుతుంది. మందిరంలోని క్యాలెండరు బొమ్మలో జరిగింది అదే.

4

ఈ విషయం ఇటలీతో ముగించవచ్చు. కాని మనకు మన నది ఒకటున్నది.

అమెరికన్ బాప్తిస్టులు నెల్లూరులో 1840లో మిషన్ పెట్టారు. పాతికేళ్ళు గడిచినా చేరినవారు కొద్దిమందే. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకొన్నాడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే మనిషి. అతని మాట అతని బంధువుల వెంట, తోలుపని వెంట ఊరూరికీ పాకింది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. కూటి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపాడు. కరువు పనులు ముగిశాక జనం ఆగలేదు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరంగా వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందురోజు 614 మంది, మరునాడు 700 మంది. మూడు రోజుల్లో 3,536. అందులో ఎక్కువమంది మాదిగలు.

దొర ఆ రోజు ఎవరికీ స్వయంగా బాప్తిస్మమివ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున మారుతూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళలో నిలబడ్డారు. లెక్క కడితే ఒక్కొక్క మనిషికి అరనిమిషానికి మించి దక్కదు.

ఇప్పుడు దీన్ని పియెరో చేతికి ఇవ్వండి. నిలువు గీత ఎక్కడ పెడతాడు? మధ్యన ఎవరిని నిలబెడతాడు? ఇక్కడ వరసే కేంద్రం. పియెరో బొమ్మలో చొక్కా విప్పుకునే మనిషి మూలన ఒక్కడు. గుండ్లకమ్మ గట్టున అతను 2,222 మంది. అంచున ఉన్నవాడు మధ్యకు వస్తే పాత కూర్పు పనికిరాదు. మరొక కూర్పు కావాలి.

ప్రతీక కూడా మారుతుంది. ఇటలీలో నీటికి ఉన్న అర్థం పాపం కడగటం. తెలుగు పల్లెలో నీటికి అంతకంటే పాత, అంతకంటే కఠినమైన అర్థం ఒకటున్నది. ఊరి బావిలో చేద వేసే హక్కు ఎవరికి ఉన్నది? ఎవరు తాకితే నీళ్ళు మైలపడతాయి? దూరాన కుండ పెట్టుకొని, ఎవరో దయతలచి పోసేదాకా కూర్చునే మనిషికి నీరంటే మొదట కులం. అటువంటి మనిషి పట్టపగలు, అందరి ఎదుట, నడుము లోతు నీటిలో నిలబడి, తన కులస్థుడో తనలాంటివాడో అయిన బోధకుడి చేతుల మీదుగా తల ముంచి లేచాడంటే, ఆ నీటికి యోర్దానులో లేని అర్థం ఒకటి వచ్చింది. మిషనరీ నివేదికలు దీన్ని ఆత్మకు సంబంధించినదన్నాయి. ఎగతాళి చేసినవారు కడుపుకు సంబంధించినదన్నారు. ఇద్దరూ మనిషిని సగమే చూశారు. ఆకలీ, బంధుత్వమూ, అవమానమూ, ఆశా అన్నీ కలిసిన నిర్ణయం అది.

ఈ నిర్ణయాన్ని అతిగా పొగడటం కూడా తప్పే. బాప్తిస్మంతో కులం మునిగిపోలేదు. ఊరి బావి తెరుచుకోలేదు, మందిరాలు పాలెంలోనే లేచాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాకు ఇప్పటికీ బయటివాడే. ప్రతీక వాస్తవాన్ని మార్చదు. మార్చటానికి సిద్ధపడిన మనిషిని చూపగలదు, అంతే. ఆ అంత చాలా ఎక్కువ.

ఒక చిన్న సంగతి కూడా చెప్పాలి. పియెరో తండ్రి తోళ్ళ వ్యాపారి. అక్కడ తోలు ఒక వృత్తి, ఒక సరుకు. కొడుకు చిత్రకారుడూ, గణితజ్ఞుడూ కావటానికి అది అడ్డురాలేదు. ఇక్కడ అదే తోలు పుట్టుకకు అంటిన మరక అయింది. మాదిగల గాథలను క్లౌ భార్య ఎమ్మా సేకరించి 1899లో ఇంగ్లీషులో 'వైల్ సోయింగ్ శాండల్స్' అన్న పుస్తకంగా అచ్చువేసింది. చెప్పులు కుడుతూ చెప్పుకొన్న కథలని ఆ పేరు సూచిస్తుంది. గుండ్లకమ్మను రాయదలచిన తెలుగు రచయితకు మొదటి సామగ్రి అక్కడుంది.

5

ఈ మధ్య ఒక సభలో కొత్త కవుల కవితలు విన్నాను. పన్నెండు కవితలు చదివితే తొమ్మిదింట సూర్యుడు ఎర్రగా ఉదయించాడు. పిడికిళ్ళు లేచాయి, నెత్తురు పారింది, సంకెళ్ళు తెగాయి. చదివిన కుర్రవాళ్ళ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. కాని ఒక్క పిడికిలికీ కాయ కాచిన గుర్తు లేదు. ఏ సూర్యుడూ ఎవరి వీపునూ కాల్చలేదు. అవి మా పాలెం గోడ మీది పావురం వంటివి. కిరణాలు బాగానే ఉన్నాయి, నీరు మాత్రం చల్లగా లేదు. మతం వాళ్ళ ప్రతీకలే అరిగిపోతాయి, మనవి అరిగిపోవు అనుకోవటం భ్రమ. అరుగుదలకు సిద్ధాంతం అడ్డురాదు.

పరిష్కారం ప్రతీకలను వదులుకోవటం కాదు. మసాచ్చో నీటిని వదులుకోలేదు, దానికి చలి పెట్టాడు. పియెరో నిలువు గీతను చెరపలేదు, దాని పక్కన ముఖం లేని మనిషికి చోటిచ్చాడు. వస్తువు ముందు వస్తువుగా నిలబడాలి. దాని బరువు, వేడి, వాసన పాఠకుడికి అందాలి. అప్పుడు అది ఇంకొకదానికి గుర్తు కావాలంటే అవుతుంది. మనం వద్దన్నా అవుతుంది. ఇక కూర్పు విషయానికి వస్తే, ప్రతి రచన పూర్తయ్యాక రచయిత తనను తాను అడగవలసినది: మధ్యన ఎవరిని నిలబెట్టాను? వరసలో తరువాతివాడు ఎక్కడున్నాడు? అతనికి చోటు దొరికిందా, లేక చట్రం బయట చలిలో నిలబడి ఉన్నాడా?

ఆ రోజు అవ్వకు నేను జవాబు చెప్పలేదు. "చలేసే ఉంటుంది అవ్వా, బొమ్మ వేసినాయనకు తెలిసుండదు" అన్నాను. ఆమె నవ్వి, "ఆయన కాలవలో దిగుండడులే" అని మళ్ళీ చీపురు అందుకున్నది.